మిడ్ నాబ్ చూశాకే మెటల్ పెడల్ కొనండి

మా నల్లగొండలో మెటల్ (రాక్‌లో బాగా గరగరలాడే, బరువైన రకం) వాయించే పిల్లలు ఇప్పుడు బాగానే తయారయ్యారు. చర్చి క్వయర్‌లో అకూస్టిక్‌తో మొదలుపెట్టి, కాలేజీకి వచ్చాక ఎలక్ట్రిక్ గిటార్ కొని, దానికో చిన్న ఆంప్ (యాంప్లిఫయర్) కొని, ఇక ఆ తర్వాత పెడల్ మీద, అంటే ఆ రెండిటి మధ్య పెట్టి కాలితో తొక్కే, సౌండ్ మార్చే డబ్బా మీద పడతారు. నాకు వచ్చే మెసేజ్‌లు దాదాపు అన్నీ ఒకే తీరుగా ఉంటాయి: "అన్నా, ఏ డిస్టార్షన్ పెడల్ తీసుకోవాలె? గెయిన్ ఫుల్లు ఉండాలె." ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పే బదులు నాకు తెలిసిందంతా ఇక్కడే రాసేస్తున్నా, మహబూబ్‌నగర్ నుంచి అడిగిన తమ్ముడికి, దేవరకొండ నుంచి అడిగిన చెల్లెకు కూడా ఇదే జవాబు.

గెయిన్ గురించి, అంటే పెడల్ సిగ్నల్‌ని ఎంత పెంచి గరగరలాడిస్తుందన్న దాని గురించి, అసలు బెంగ పెట్టుకోవద్దు. మెటల్ అని పేరు పెట్టి అమ్మే ఏ పెడల్ తీసుకున్నా మీకు అవసరమైన దానికంటే ఎక్కువే ఉంటుంది, ఆ నాబ్ సగం దాటించాల్సిన పని చాలామందికి రాదు. కొనేముందు అడగాల్సినవి రెండే. ఒకటి, అందులో మిడ్స్‌ని (బేస్‌కూ ట్రెబుల్‌కూ నడిమి భాగాన్ని) ఎంత, ఎక్కడ తిప్పుకోవచ్చు. రెండు, ఆ పెడల్‌లోంచి బయటికొచ్చిన సౌండ్ దేంట్లోకి పోతుంది: ఆంప్‌లో గరగర లేని క్లీన్ చానల్‌లోకా, ఆంప్ వెనకుండే ఎఫెక్ట్స్ రిటర్న్ సాకెట్‌లోకా, ఫోన్‌లోకా, డైరెక్టుగా స్టేజీ సౌండ్ సిస్టమ్ (పీఏ) మిక్సర్‌లోకా. ఒకే పెడల్ ఒకచోట బ్రహ్మాండంగా, ఇంకోచోట దరిద్రంగా వినిపించడానికి ఎక్కువసార్లు కారణం ఈ రెండోదే.

డిస్టార్షన్ అంటే సిగ్నల్‌ని పట్టనంత పెంచి, పైనా కిందా కోసేయడం. పెడల్ లోపల ఆప్ ఆంప్ అనే చిప్, పికప్ (తీగల కంపనాన్ని కరెంటు సిగ్నల్‌గా మార్చే భాగం) నుంచి వచ్చిన చిన్న అలను కొన్ని వందల రెట్లు పెంచుతుంది, హద్దు దాటిన భాగాన్ని డయోడ్లు కత్తిరిస్తాయి. కోసిన చోట కొత్త హార్మోనిక్స్ (అసలు నోటుకు రెట్లలో ఉండే పై ఫ్రీక్వెన్సీలు) పుడతాయి, మనకు ఇష్టమైన ఆ గరగర అదే. కానీ ఒక స్థాయి దాటాక ఎంత పెంచినా అల ఇంకాస్త చదునవుతుందే తప్ప కొత్తగా వచ్చేదేమీ ఉండదు, పోయేవి మాత్రం ఉంటాయి. గట్టిగా కొట్టినా మెల్లగా కొట్టినా ఒకేలా వినిపిస్తుంది. పిక్ తగిలినప్పుడు వచ్చే ఆ టక్కుమనే మొదటి దెబ్బ మాయమవుతుంది, తీగల మీద చెయ్యి జరిగిన చప్పుడు మాత్రం సోలో అంత గట్టిగా బయటపడుతుంది.

ఇంకోటి కూడా తెలుసుకుంటే గెయిన్ ఎక్కడ ఆపాలో మీకే అర్థమవుతుంది. రెండు నోట్లు కలిపి డిస్టార్షన్‌లోకి పంపితే అవి రెండుగానే బయటికి రావు, వాటి ఫ్రీక్వెన్సీల తేడా కూడా ఒక నోటుగా పుడుతుంది. ఆరో తీగ ఓపెన్ ఇ సుమారు 82.4 హెర్ట్జ్, దాని పంచమం బి సుమారు 123.6. తేడా 41.2, అంటే సరిగ్గా ఒక ఆక్టేవ్ కింద ఉండే ఇ. మీరు కొట్టని నోటు, బేస్ గిటార్ వాయించే నోటు, మీ స్పీకర్‌లోంచి వస్తోంది. తంబురాకు స, ప శ్రుతి చేస్తారు కదా, పవర్ కార్డ్‌లో (కార్డ్ అంటే కలిపి మోగించే నోట్లు) ఉండేవి కూడా ఆ రెండే, అందుకే ఎంత గెయిన్ పెట్టినా అది తట్టుకుంటుంది. అదే గెయిన్‌లో ఆరు తీగలతో ఇ మైనర్ పట్టి చూడండి, అందులోని మైనర్ థర్డ్‌తో (మన సాధారణ గాంధారం) పుట్టే తేడాలు దేనికీ పొసగక అంతా బురద. మీరు వాయించే పాటల్లో అలాంటి నిండు కార్డులు ఉంటే గెయిన్ అవి విడివిడిగా వినిపించే దగ్గరే ఆపాలి, లేదా మూడు తీగలకు మించి పట్టకూడదు.

ఇప్పుడు మిడ్స్ దగ్గరికి వద్దాం. ఇంట్లో రాత్రిపూట, అమ్మావాళ్లు పడుకున్నాక, ఎనిమిదించుల స్పీకర్ ఉన్న చిన్న ఆంప్‌లో మెల్లగా వాయిస్తూ సెట్టింగ్ పెట్టుకుంటారు. తక్కువ శబ్దంలో మన చెవికి బేస్, ట్రెబుల్ రెండూ తక్కువగా వినిపిస్తాయి. ఇది ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే కొలిచి చూపించిన సంగతి. అందుకని చెయ్యి దానంతటదే లో, హై రెండూ పెంచుతుంది, మిడ్ తగ్గిస్తుంది, గదిలో ఆ సౌండ్ నిజంగానే పెద్ద రికార్డులో విన్నట్టే ఉంటుంది. అదే సెట్టింగ్ స్టేజీ మీదికి తీసుకెళ్తే బేస్ గిటార్, కిక్ డ్రమ్ కలిసి కిందిదంతా తినేస్తాయి, సింబల్స్ పైదంతా తినేస్తాయి. గిటార్‌కు మిగలాల్సింది నడిమి భాగం, దాన్ని మనమే తీసేసుకున్నాం కాబట్టి ఇక గిటార్ వినపడదు.

మా బాబాయి కొడుకు మిర్యాలగూడలో ఉంటాడు, వాడి కాలేజీ ఫెస్ట్‌కు పోయినప్పుడు నేను ముందు వరుసలో నిలబడి చూసింది ఇదే. వాడి చెయ్యి ఆడుతోంది, కీబోర్డ్ వినిపిస్తోంది, డ్రమ్స్ వినిపిస్తున్నాయి, వాడి గిటార్ నుంచి సుయ్యిమని ఒక ఇసుక చప్పుడు తప్ప ఏమీ రావట్లేదు. వాల్యూమ్ పెంచమని వాడు సౌండ్ అబ్బాయికి సైగ చేస్తున్నాడు, అతను పెంచుతున్నాడు, ఇసుకే పెరుగుతోంది. రెండు పాటల మధ్య ఎక్కి వాడి మెటల్ జోన్ పెడల్‌లో మిడ్ నాబ్‌ను గడియారం ముల్లు లెక్కన పన్నెండు గంటలు దాటించి, లో, హై రెండూ సగం కన్నా కిందికి తెచ్చి, డిస్ట్ (గెయిన్) నాబ్ పది గంటల దగ్గర పెట్టా. "అన్నా, ఇట్ల పెడితే డొక్కు రేడియో లెక్క ఉంటది" అన్నాడు. ఒంటరిగా వింటే నిజంగా అలాగే ఉంటుంది. డ్రమ్స్ అందుకున్నాక వాడే తలతిప్పి నా వైపు చూశాడు, ప్రతి రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ ముక్క) స్పష్టంగా వినిపిస్తోంది, వాల్యూమ్ ముందున్న దానికంటే తక్కువే.

అందుకే బాస్ అనే కంపెనీ చేసే ఈ మెటల్ జోన్ ఎమ్‌టీ-2ని జనం తిట్టినంత నేను తిట్టను. 1991లో వచ్చింది, ఇప్పటికీ అమ్ముతున్నారు. దాని ముఖం మీద నాబ్‌లు నాలుగే కనిపిస్తాయి, కానీ మధ్యలో ఉన్న రెండూ రెండంతస్తులవి. ఒకదాంట్లో లో, హై. ఇంకోదాంట్లో మిడ్ ఎంత అన్నది ఒక అంతస్తు, ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర అన్నది రెండో అంతస్తు, 200 హెర్ట్జ్ నుంచి 5 కిలోహెర్ట్జ్ దాకా జరుగుతుంది, అక్కడ 15 డెసిబెల్స్ పెంచొచ్చు లేదా తగ్గించొచ్చు. వేలితో ఒకటి తిప్పుతుంటే రెండోది కూడా కొంచెం కదులుతుంది, ఓపిక కావాలి. 15 డెసిబెల్స్ అంటే మామూలు తిప్పుడు కాదు, కొంచెం జరిపితేనే సౌండ్ పూర్తిగా మారిపోతుంది, అందుకే తెలియక తిప్పినవాళ్లకు అది తేనెటీగల తుట్టెలా వినిపిస్తుంది. నా సలహా: అన్నీ పన్నెండు గంటల దగ్గర పెట్టండి, మిడ్ మాత్రం పూర్తిగా పెంచి, ఫ్రీక్వెన్సీ అంతస్తుని మెల్లగా ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పుతూ వాయించండి. ఎక్కడో ఒకచోట ముక్కుతో పాడినట్టు వినిపిస్తుంది, ఎక్కడో ఒకచోట పిక్ దెబ్బ ముందుకొస్తుంది. ముందుకొచ్చిన చోట ఆపి, అప్పుడు మిడ్‌ని కావాల్సినంతకు తగ్గించండి. ఈ ఒక్క పని చేస్తే ఆ పెడల్ సగం అర్థమైనట్టే.

దానికి ఇంకో ఉపాయం కూడా ఉంది. మీ ఆంప్ వెనక ఎఫెక్ట్స్ రిటర్న్ అని సాకెట్ ఉంటే గిటార్‌ను పెడల్‌లోకి, పెడల్‌ను ఆ రిటర్న్‌లోకి పెట్టి చూడండి. అప్పుడు ఆంప్ లోపల సిగ్నల్‌ని మొదట పెంచే ప్రీ ఆంప్ అనే భాగం, దాని టోన్ నాబ్‌లు పక్కకు పోయి పెడలే ప్రీ ఆంప్‌గా పనిచేస్తుంది. మెటల్ జోన్ నచ్చదన్న ఎంతోమంది ఇలా విన్నాక మాట మార్చుకున్నారు. సౌండ్ ఒక్కసారిగా పెద్దగా రావచ్చు, లెవెల్ సున్నా దగ్గర పెట్టుకుని మొదలుపెట్టండి.

బాస్‌దే పాతది హెచ్‌ఎమ్-2 అని ఒకటి ఉంది, 1983లో వచ్చి 1991లో ఆగిపోయింది. స్వీడన్‌లో, స్టాక్‌హోమ్‌లోని సన్‌లైట్ స్టూడియోలో ఎన్‌టూమ్డ్ బ్యాండ్ 1990లో తెచ్చిన తొలి ఆల్బమ్‌లో వినిపించే ఆ రంపపు మోత దీనిదే, నాలుగు నాబ్‌లూ చివరికంటా తిప్పేసి పెట్టడం అక్కడి నుంచే అలవాటైంది. నాకు ఇందులో బాగా నచ్చే సంగతేంటంటే, దాని మీద హై అని రాసి ఉన్న నాబ్ అసలు పెంచేది ట్రెబుల్‌ని కాదు, 1 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల ఉన్న మిడ్స్‌ని. అందుకే అంత మోతలోనూ రిఫ్ తెగిపోకుండా వినిపిస్తుంది. బాస్ 2021లో దాన్ని వాజా క్రాఫ్ట్ పేరుతో మళ్లీ తెచ్చింది. మీకు కావాల్సింది సరిగ్గా ఆ ఒక్క సౌండే అయితే దానికి సాటి లేదు, అన్ని రకాల పాటలూ వాయించేవాళ్లు మాత్రం దాని జోలికి పోవద్దు.

డిజిటెక్ డెత్ మెటల్‌లో గెయిన్ నాబే ఉండదు, ఎప్పుడూ ఫుల్లే. లెవెల్, లో, మిడ్, హై అంతే. మొదటి పెడల్‌గా అది నేను ఎవరికీ చెప్పను, తగ్గించుకునే దారి లేని పెడల్‌తో వాయించే తీరు శుభ్రపడదు. ఎమ్‌ఎక్స్‌ఆర్ ఫుల్‌బోర్ మెటల్‌లో మిడ్ ఫ్రీక్వెన్సీ తిప్పుకునే వీలు, లోపలే నాయిస్ గేటు (వాయించనప్పుడు హోరును మూసేసేది) రెండూ ఉంటాయి, డబ్బు ఉంటే అది మంచి ఎంపిక. బెహ్రింగర్ యూఎమ్300 మెటల్ జోన్ దారిలోనే చేసిన ప్లాస్టిక్ పెడల్, ధర చాలా తక్కువ, ఇంట్లో నేర్చుకోవడానికి పర్వాలేదు, స్టేజీ మీద బూటు కాలితో తొక్కితే నాకు భయమే. జోయో జాంబీ సౌండ్ మెసా బూగీ కంపెనీ రెక్టిఫయర్ ఆంప్ తరహాలో ఉంటుంది, ఆ డబ్బుకు లోహపు డబ్బా, సౌండ్‌లో చక్కటి మందం. ర్యాట్ గురించి కూడా అడుగుతుంటారు. 1978 నుంచి ఉన్న పెడల్, మెటల్‌కు దాని ఒక్కదాంతో చాలదు కానీ దాని గరుకుదనం వేరు. దాని ఫిల్టర్ నాబ్ ఉల్టా పనిచేస్తుంది, కుడికి తిప్పేకొద్దీ సౌండ్ మసకబారుతుంది, షాపులో వాయించేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

అసలు మీ ఆంప్‌లోనే డిస్టార్షన్ చానల్ ఉంటే మెటల్ పెడల్ కొనకముందు ఒక్కసారి ట్యూబ్ స్క్రీమర్ (తక్కువ గరగర ఇచ్చే ఓవర్‌డ్రైవ్ పెడల్) లాంటిది ముందు పెట్టి వినండి. డ్రైవ్ సున్నా, లెవెల్ ఫుల్. అది 720 హెర్ట్జ్ కింద ఉన్న బేస్‌ను కోసి, నడిమి భాగాన్ని ముందుకు తోస్తుంది. క్లిప్పింగ్‌కు (అలను కోయడానికి) ముందే బేస్ తగ్గితే పామ్ మ్యూట్ (అరచేయి అంచు తీగలకు ఆనించి కొట్టడం) బిగుస్తుంది, ఆరో తీగ మీద వేగంగా కొట్టినా ప్రతి దెబ్బా విడిగా వస్తుంది. బేస్ కావాలంటే డిస్టార్షన్ తర్వాత ఆంప్ నాబ్‌తో పెంచుకోవచ్చు. మెటల్ గిటారిస్టులు పెద్ద పెద్ద ఆంప్‌ల ముందు ఈ చిన్న ఆకుపచ్చ పెడల్ పెట్టేది ఇందుకే. దీనికయ్యే ఖర్చు కూడా చాలాసార్లు తక్కువే.

షాపులో వాయించి చూడటం మాత్రం తప్పించుకోవద్దు. మన దగ్గర పెడల్‌లు వరుసగా పెట్టి వాయించనిచ్చే షాపులు దొరకడం కష్టం, ఎలాగూ హైదరాబాద్ పోవాల్సిందే. పోయేటప్పుడు మీ గిటార్ బ్యాగు భుజాన వేసుకుని పోండి, ఆదివారం కాకుండా మామూలు రోజు పొద్దున పూట పోండి, రద్దీ ఉండదు, షాపులో అన్న కూడా ఓపిగ్గా ఉంటాడు. అక్కడి ఖరీదైన గిటార్‌తో పెద్ద ఆంప్‌లో వింటే ఏ పెడల్ అయినా బాగుంటుంది, అలా విని ఏం లాభం? మీ దగ్గరున్న ఆంప్‌కు దగ్గరగా ఉండే చిన్న ఆంప్ అడగండి, క్లీన్ చానల్‌లో పెట్టమనండి. సోలో మొదలుపెట్టకండి. ముందు ఆరో తీగ మీద పామ్ మ్యూట్ వేగంగా కొట్టి ఠక్కున ఆపండి, చెయ్యి ఆగిన చోటే సౌండ్ ఆగుతోందా, తోక ఏమన్నా మిగులుతోందా వినండి. తర్వాత పవర్ కార్డ్, దాని తర్వాత మూడు తీగల మైనర్ కార్డ్. గిటార్ వాల్యూమ్ మూడుకు తగ్గించి గరగర పలచబడుతోందో లేదో చూడండి. చివరికి తీగలన్నీ అరచేత్తో మూసి ఏమీ వాయించకుండా వినండి, ఆ పెడల్ తన సొంత హోరు ఎంత చేస్తుందో అప్పుడు తెలుస్తుంది. మీరు డ్రాప్ డి (ఆరో తీగను ఇ నుంచి డికి దింపే ట్యూనింగ్) వాయిస్తారా, ఆరో తీగ 73 హెర్ట్జ్‌కు దిగుతుంది, అయితే అదే ట్యూనింగ్‌లో పరీక్షించండి.

హోరు అన్నాను కాబట్టి కరెంటు గురించి చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్లలో సగం గొడవ దీంతోనే, దీనికి పాపం పెడల్‌ను నిందిస్తారు. హై గెయిన్ పెడల్ గిటార్‌ను పెంచినట్టే వైరులో దూరిన ప్రతి చప్పుడునూ పెంచుతుంది. సింగిల్ కాయిల్ పికప్‌లు ఉన్న గిటార్ అయితే 50 హెర్ట్జ్ కరెంటు మోత తప్పదు, మెటల్‌కు బ్రిడ్జ్ దగ్గర హంబకర్ (ఆ మోతను కొట్టేసే రెండు కాయిల్స్ పికప్) ఉన్నదే మేలు. ఫ్యాన్ రెగ్యులేటర్ గుండ్రంగా తిరిగే డిమ్మర్ రకమైతే ఫ్యాన్ తగ్గించినప్పుడు జర్రుమంటుంది, ఫుల్లు పెడితే ఆగుతుంది, ఒకసారి పరీక్షించి చూడండి. కరెంటు పోయి స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద వాయిస్తే మోత రెట్టింపవుతుంది, సైన్ వేవ్ రకంలో ఈ గొడవ ఉండదు.

తీగలు ముట్టుకున్నప్పుడు వేళ్లకు జివ్వుమని తగులుతోందా? వాయించడం ఆపి ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి ఎర్తింగ్ చూపించండి, మూడో పిన్ను ఉన్నంత మాత్రాన దాని వెనక ఎర్త్ వైరు ఉన్నట్టు కాదు. ఫంక్షన్లలో మైక్ ఒక లైన్ నుంచి, ఆంప్ ఇంకో లైన్ నుంచి, మధ్యలో జనరేటర్, ఇలా ఉన్నచోట చేతిలో గిటార్ ఉండగా పెదవి మైక్‌కు తగిలితే ప్రాణం మీదికి వస్తుంది. టెస్టర్ జేబులో పెట్టుకుని, మైక్ ఇనుప జాలీని దాంతో ముట్టించి చూసి, వెలిగితే పాడనని మొహం మీదే చెప్పండి. వెలగకపోయినా మైక్‌కు స్పాంజ్ తొడుగు వేయించుకోండి. ఈ విషయంలో మొహమాటం వద్దు.

అడాప్టర్ 9 వోల్టులది, లోపలి పిన్ను నెగటివ్ ఉన్నది కావాలి, ఎక్కువ పెడల్‌లు అదే కోరతాయి. ఇంట్లో పడి ఉన్న సెట్‌టాప్ బాక్స్ అడాప్టర్ గుచ్చొద్దు, చాలావరకు అవి 12 వోల్టులు, పైగా లోపలి పిన్ను పాజిటివ్. ఒకే అడాప్టర్‌కు చైన్ వేసి ప్రతిధ్వని ఇచ్చే డిజిటల్ డిలే పెడల్‌తో కలిపి నడిపితే సన్నటి ఈల రావచ్చు, మెటల్ పెడల్‌కు వేరే అడాప్టర్ ఇస్తే పోతుంది. నాయిస్ గేటు కొనాలనుకుంటే బాస్ ఎన్‌ఎస్-2లో సెండ్, రిటర్న్ ఉంటాయి, మెటల్ పెడల్‌ను ఆ రెండిటి మధ్య పెట్టాలి, అప్పుడు గేటు పెడల్ హోరును కాకుండా మీ గిటార్ అసలు సిగ్నల్‌ను విని తెరుచుకుంటుంది, మూసుకుంటుంది.

ఇక ఆంప్ లేకుండా ఫోన్‌లోకో, ఇయర్‌ఫోన్స్‌లోకో వాయించేవాళ్లు ఒక్కటి వినండి. గిటార్ స్పీకర్ 5 కిలోహెర్ట్జ్ దాటాక పెద్దగా పలకదు, డిస్టార్షన్‌లో పుట్టే పైపై చిటపటలన్నిటినీ అదే ఆపుతుంది. స్పీకర్ లేకుండా పెడల్‌ను నేరుగా ఇయర్‌ఫోన్స్‌లో వింటే ఎంత ఖరీదైన పెడల్ అయినా చెవులు చిల్లులు పడతాయి. క్యాబ్ సిమ్యులేషన్, అంటే గిటార్ స్పీకర్ పలికే తీరును అనుకరించేది, తప్పనిసరి. మీరు ఎప్పుడూ ఇలాగే వాయిస్తారని తెలిస్తే, హాస్టల్ గదిలో ఉండే పిల్లల్లో చాలామంది సంగతి ఇదే కదా, ఒక్క మెటల్ పెడల్ మీద డబ్బు పెట్టకుండా క్యాబ్ సిమ్ ఉన్న మల్టీ ఎఫెక్ట్స్ (ఎన్నో పెడల్‌ల సౌండ్లు ఒకే డబ్బాలో ఉండేది) తీసుకోండి. అందులో మెటల్ జోన్ తరహా, రెక్టిఫయర్ తరహా అన్నీ ఉంటాయి, ఏది మీ చేతికి పట్టిందో తెలిశాక అప్పుడు అసలు పెడల్ కొనుక్కోవచ్చు.

సెకండ్ హ్యాండ్‌లో తీసుకుంటే బాస్ పెడల్‌లు భయం లేకుండా కొనొచ్చు, గట్టివి. నాబ్‌లు తిప్పుతుంటే కరకరమంటే లోపల దుమ్ము, కాంటాక్ట్ క్లీనర్ కొడితే పోతుంది, బేరానికి పనికొస్తుంది. జాక్‌లో కేబుల్ పెట్టి మెల్లగా ఊపి చూడండి, సౌండ్ తెగితే సోల్డరింగ్ పని ఉంది. బ్యాటరీ మూత తెరిచి పచ్చగా చిలుము పట్టి ఉంటే మాత్రం ఎంత తక్కువకు ఇస్తానన్నా తీసుకోవద్దు.